కొత్త లాప్‌టాప్ కొనబోయిన రోజు

లిఫ్టు మెకానిక్కు ఇల్లు మారి నాలుగు రోజులైనా కాకుండానే అతని గుమ్మం ముందు జానెడు ఉక్కు తాడు ముక్క ప్రత్యక్షమైంది. రంపంతో కోసిన ముక్క. ఆరో అంతస్తు నుంచి తెగిపడి నలుగుర్ని పొట్టన పెట్టుకున్న లిఫ్టుకి కట్టిందీ అలాంటి తాడే. అది అరిగిపోయిందని మూడుసార్లు రాసిచ్చినా కంపెనీ చెవిన పెట్టలేదని కోర్టులో చెప్పడానికి ఒప్పుకున్న ఏకైక మనిషి ఆ మెకానిక్కు. అతని కొత్త ఇంటి అడ్రసు తెలిసినవాళ్లు ముగ్గురే ముగ్గురు. అతను, కేసు నడుపుతున్న లాయరుగారు, అతని వాంగ్మూలం రికార్డింగు విని టైపు చేస్తున్న టైపిస్టు.

"నేను ఎవరికీ చెప్పలేదు. తన అడ్రసు తానే చెప్పుకునేంత పిచ్చివాడు కాదతను," అంది లాయరుగారు నిన్న సాయంత్రం. ఆ పైన ఏమీ అనలేదు. అనకుండా ఆపిన ఆ మాటే టైపిస్టు చెంప మీద ఛెళ్లుమంది.

తాను చెప్పలేదు. నిద్రలో కూడా పలవరించి ఉండదు, ఎందుకంటే ఆ అడ్రసు తెలిసిన దగ్గర్నుంచీ ఆమె కంటికి కునుకే లేదు. మరి తన నోరు దాటని మాట వాళ్ల చెవిదాకా ఎలా వెళ్లింది? ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కింది గాని దారి దొరకలేదు. ఈలోగా పని ఆగేది కాదు. వాంగ్మూలం ఎల్లుండి కోర్టులో దాఖలు కావాలి. చూడబోతే ఆమె లాప్‌టాప్ కొన ఊపిరితో ఉంది. ర అక్షరం మీట నొక్కితే ఒకసారి పడుతుంది, రెండుసార్లు పడదు. కోర్టు కాస్తా కోటు అయి కూర్చుంటోంది. ప్లగ్గు పీకితే పావుగంటకి మించి బతకదు. ఎలాగైనా ఇవాళే కొత్తది కొనాలని, పాతదాన్ని సంచిలో వేసుకుని మధ్యాహ్నం బయల్దేరింది.

దారి పొడవునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. ఫోను చెవిన పెట్టుకున్న ప్రతివాడూ తన గురించే మాట్లాడుతున్నట్టుంది. రోడ్డు దాటబోతూ ఒకావిడ "జాగ్రత్తమ్మా" అంటే, ఆ మాటకే ఉలిక్కిపడి పేవ్‌మెంటు మీదకి గెంతింది. నిజానికి ఆవిడ హెచ్చరించింది వెనక నుంచి వస్తున్న సైకిలు గురించి.

లాప్‌టాప్ షాపు వ్యాపార సముదాయంలో మొదటి అంతస్తు వసారా చివర ఉంది. నడిపేది యాభై దాటిన మనిషి. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేది, కాలంతోపాటు లాప్‌టాప్‌లకి మారింది. భూతద్దం ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. బల్ల మీద గుండ్రటి అయస్కాంతానికి చీమల పుట్టలా చిన్న చిన్న స్క్రూలు అతుక్కుని ఉంటాయి. అందుకే ఆ భవనంలో అందరూ ఆవిడని స్క్రూల పిన్ని అంటారు. ఎదురుగానే అన్నా ఏమీ అనుకోదు.

"ఏం కావాలమ్మాయ్?"

"లాప్‌టాప్ అండీ. మంచిది."

"మంచిదంటే? చెప్పుల కొట్టుకెళ్లి మంచివివ్వండంటే వాడు ఏ సైజు తీస్తాడు? ముందు నీ కాలు చూపించు. అంటే, నీ పనేంటో చెప్పు."

"టైపింగ్. రోజుకి ఎనిమిది తొమ్మిది గంటలు. రికార్డింగు వింటూ కొడతాను."

"అలా చెప్పు. అయితే ఆటలాడుకునేవాళ్ల బండరాళ్లు నీకెందుకు? వాటిల్లో సగం ఖరీదు బొమ్మలకే. నీకు కావాల్సింది వేలికి ఒదిగే కీబోర్డు." పిన్ని మూడు లాప్‌టాప్‌లు బల్ల మీద వరసగా తెరిచింది. "కొట్టి చూడు. పొడి పొడిగా నాలుగు మీటలు నొక్కడం కాదు, నిజంగా ఒక పేజీ కొట్టు. పెళ్లిచూపుల్లో పిల్లాడిలా అన్నీ కాసేపు బుద్ధిగానే ఉంటాయి."

టైపిస్టు పెదాల మీద నవ్వులాంటిదేదో కదిలింది. రెండు రోజుల్లో మొదటిసారి. మొదటి దాని మీటలు అట్టముక్కల్లా ఉన్నాయి, నొక్కామో లేదో వేలికి తెలియదు. రెండోది ఫరవాలేదు. మూడోది నొక్కగానే హాయిగా దిగి, తిరిగి వేలిని పైకి తన్నింది.

"ఇది బావుందండీ."

"బావుందిలే. కాని తెర చూశావా? అలా నీడలో కాదు, కిటికీ దగ్గరకి పట్టుకెళ్లి చూడు. నీ మొహం కనిపిస్తే అద్దం కొన్నట్టు, అక్షరాలు కనిపిస్తే లాప్‌టాప్ కొన్నట్టు."

కిటికీ దగ్గర అక్షరాలే కనిపించాయి. కిటికీ అద్దంలోంచి రోడ్డవతల పార్సెల్ ఆఫీసు గోడౌను, దాని పచ్చ గేటు కనిపించాయి. గేటు పక్కన ఎవరో ఒకతను ఊరికే నిలబడి ఉన్నాడు. టైపిస్టు గబుక్కున కిటికీ నుంచి పక్కకి జరిగింది. మళ్లీ తొంగి చూస్తే, అతను బస్సెక్కి వెళ్లిపోతున్నాడు.

పిన్ని తన ధోరణిలో తాను చెప్పుకుపోతోంది. ర్యామ్ పదహారు ఉండాలట. ఎనిమిదితో ఇవాళ గడుస్తుంది గాని రెండేళ్ల తర్వాత ఈడుస్తుంది. తర్వాత పెంచుకోవచ్చులే అని అమ్మేవాళ్లంటారు, కొన్నిట్లో దాన్ని బోర్డుకే అతికించేస్తారు, పెంచడానికి చోటుండదు. బ్యాటరీ పది గంటలని డబ్బా మీద రాస్తే ఆరనుకోవాలి. మూత ఒంటిచేత్తో తెరిచి చూడాలి, కీలు వదులైతే ఏడాదికే తెర తల వాల్చేస్తుంది.

"వారంటీ ఎన్నేళ్లని అడుగుతారు గాని, పాడైతే బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడని ఎవరూ అడగరు. అది అడగాలి ముందు."

"మీరున్నారుగా."

"నేను పోతే?" అని పకపకా నవ్వింది పిన్ని. "సరే, సెకండ్ హ్యాండ్‌లో కూడా ఒకటుంది, చూస్తావా? అయితే ఒక్క మాట. పాతది ఎక్కడ కొన్నా సరే, ముందున్నవాడి ఖాతాలన్నీ పూర్తిగా తుడిచాడో లేదో చూసుకోవాలి. లేకపోతే ఇల్లు నీది, మారుతాళం వాడిది."

"వద్దండీ, ఈ కొత్తదే ఇవ్వండి. నా పాతదాంట్లోవన్నీ ఇందులోకి ఎక్కించాలి."

పిన్ని పాత లాప్‌టాప్ అందుకుని బల్ల మీద తెరిచింది. ప్లగ్గు పెట్టి, షాపు ఇంటర్నెట్టుకి కలిపింది. సరిగ్గా అప్పుడే టైపిస్టు ఫోను మోగింది. లాయరుగారు.

"ఆ ఇంట్లో ఇక లాభం లేదు," అంటోంది అవతలి గొంతు, వెనక కారు హారన్లు. "అతన్నీ కూతుర్నీ వేరే చోటికి మారుస్తున్నాను. నాలుగింటికల్లా అక్కడుంటారు. నువ్వూ అక్కడికి రా, మిగిలిన భాగం రికార్డు చేయాలి. నీకు చెబుతున్నానంటే అర్థం చేసుకో."

ఆ చివరి మాటకి టైపిస్టు కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. నమ్మకం పూర్తిగా పోలేదన్నమాట. "ఎక్కడికండీ? పాత ప్రింటింగ్ ప్రెస్ సందులోకా? నీలం తలుపుల ఇల్లు... ఆఁ, తెలుసండీ. నాలుగింటికి. వస్తాను."

ఫోను పెట్టేసి గడియారం చూసుకుంది. మూడూ పది. పిన్ని మాత్రం పాత లాప్‌టాప్ మీద చెయ్యి వేసి, జ్వరం చూస్తున్నదానిలా మొహం పెట్టింది.

"ఏమీ తెరవలేదు కదా, ఇంత ఆయాసమెందుకే దీనికి? ఫ్యాను చూడు, ఎలా కొట్టుకుంటోందో."

"రెండు నెలల నుంచీ ఇంతేనండీ. ముసలిదైపోయింది."

"ముసలితనం వేరు, ఇది వేరు. కూర్చున్న మనిషికి గుండె పరిగెడుతోందంటే జబ్బైనా ఉండాలి, భయమైనా ఉండాలి." పిన్ని భూతద్దం కిందకి లాక్కుంది. లోపల నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెరిచింది. ఒక్కొక్క పేరు మీదా వేలు పెట్టుకుంటూ వచ్చింది. సగంలో వేలు ఆగింది.

అప్పటిదాకా గలగలా మాట్లాడిన మనిషి నోరు టక్కున మూసుకుంది. బల్ల సొరుగులోంచి బిల్లుల పుస్తకం తీసింది. వెనకవైపు తిప్పి, పెన్సిలుతో పెద్ద అక్షరాల్లో రాసి, టైపిస్టు ముందుకి తోసింది.

మాట్లాడకు. వింటోంది.

టైపిస్టు ఆ రెండు మాటలూ చదివింది. అర్థం కాలేదు. మళ్లీ చదివింది. పక్కనున్న స్టూలు లాక్కుంది.

పిన్ని పైకి మాత్రం మామూలుగానే, "ఎక్కడానికి టైమ్ పడుతుందమ్మాయ్, కూర్చో. ఎండన పడొచ్చావు, మంచినీళ్లు తాగుతావా?" అంటూనే చేత్తో గబగబా రాస్తోంది. మైకు తెరిచే ఉంది. రెండు నిమిషాలకోసారి తెర ఫోటో తీస్తోంది. నువ్వు కొట్టే ప్రతి అక్షరం పోతోంది. ఎవరికో పంపిస్తోంది.

టైపిస్టు పెన్సిలు లాక్కుంది. ఒకే ఒక్క మాట రాసింది. ఎప్పటినుంచి?

పిన్ని వెతికింది. పద్దెనిమిదో తారీఖు. రెండు నెలల కింద. ఆదివారం.

ఆ ఆదివారం బాగా గుర్తుంది. అక్క కూతురికి జ్వరమొస్తే తోడుగా వెళ్లి, రెండు రోజులు అక్కావాళ్లింట్లోనే ఉంది. లాప్‌టాప్ భోజనాల బల్ల మీదే ఉండేది. "దుమ్ము పట్టిందే మరదలా, ఇలా ఇవ్వు, శుభ్రం చేసిపెడతా," అని బావ తీసుకెళ్లి గంట తర్వాత తెచ్చిచ్చాడు. ఎంత మంచివాడు మా బావ అనుకుంది.

అంటే రెండు నెలలుగా తాను కొట్టిన ప్రతి అక్షరం. మెకానిక్కు వాంగ్మూలం. అతని మొదటి అడ్రసు, రెండో అడ్రసు. ఒంటరిగా కూర్చుని ఏడ్చిన ఏడుపు కూడా. తన గదిలో తాను ఒక్కతే ఉన్నాననుకున్న గంటలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగి తనకేసి చూసినట్టయింది.

అప్పుడు తట్టింది అసలు సంగతి. ఇందాక ఫోనులో తాను పైకి అన్న మాట. పాత ప్రింటింగ్ ప్రెస్ సందు. నీలం తలుపులు. నాలుగింటికి.

కెవ్వుమనకుండా అరచేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. గడియారంలో మూడూ ఇరవై రెండు.

ఆమె ఫోనులో కూడా ఏముందోనని పిన్ని తన ఫోను ఆమె చేతిలో పెట్టి వసారాలోకి నెట్టింది. టైపిస్టు మెట్ల దగ్గర గోడకి ఆనుకుని లాయరుగారి నెంబరు కొట్టింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. కారు నడుపుతూ ఉండి ఉంటుంది, తెలియని నెంబరని తీయడం లేదు. మెసేజ్ పెట్టింది. చూసినట్టు గుర్తు రాలేదు. మూడోసారి కొట్టింది. కింద రోడ్డు మీద ఎవరో బిగ్గరగా నవ్వితే ఆ నవ్వు వెన్నులోకి దిగింది.

ఆ కారులో మెకానిక్కు పక్కన అతని కూతురు కూర్చుని ఉంటుంది. పదకొండేళ్ల పిల్ల. రికార్డింగులో ఒకచోట "నాన్నా, అన్నానికి రా" అనే ఆ పిల్ల గొంతు వినిపిస్తుంది. అది టైపు చేయనక్కర్లేదు గాని, చెరపబుద్ధి కాక టైపిస్టు అలాగే ఉంచేసింది.

ఏం చెయ్యాలి? చెప్పాల్సినవాళ్లు వినడం లేదు. వినకూడనివాళ్లు చెవులప్పగించి కూర్చున్నారు.

ఆ ఆలోచన దగ్గరే ఆగిపోయింది. వింటున్నారు కదా. అయితే విననీ.

గిర్రున తిరిగి షాపులోకి వచ్చింది. తన ఫోను చెవిన పెట్టుకుంది. అవతల ఎవరూ లేరు. బల్ల మీద పాత లాప్‌టాప్ ఫ్యాను రొద పెడుతూనే ఉంది. గొంతు సవరించుకుంది.

"ఆఁ, చెప్పండి లాయరుగారూ. ఏమైందండీ?... అయ్యో, ప్రెస్ సందు వద్దంటారా? మరి ఎక్కడికి?" ఇక్కడ ఒక చోటు పేరు చెప్పాలి. ఒక్కటంటే ఒక్కటి నోటికి రాలేదు. పుట్టి పెరిగిన ఊరు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. కళ్లు కిటికీకేసి తిరిగాయి. "పార్సెల్... పార్సెల్ ఆఫీసు గోడౌనా? పచ్చ గేటున్నదేనా? సరేనండీ. నాలుగింటికే కదా. నేనూ అక్కడికే వస్తాను."

ఫోను దించి చూస్తే, పిన్ని రెండు చేతులతో తల పట్టుకుని ఉంది. బిల్లుల పుస్తకం మీద ఒకే మాట రాసింది. ఎదురుగుండాదా!

అవును, ఎదురుగుండాదే. ఊళ్లో వెయ్యి చోట్లుండగా కంటికెదురుగా ఉన్నదాన్ని కొరివితో తల గోక్కున్నట్టు చెప్పేసింది. ఇక చేసేదేమీ లేదు. అన్న మాటని వెనక్కి తీసుకునే మీట ఏ కీబోర్డు మీదా లేదు.

పిన్ని ఫోను మోగింది. ఇద్దరూ వసారాలోకి పరిగెత్తారు.

"ఎవరు మాట్లాడేది?" లాయరుగారి గొంతులో చిరాకు.

"నేనేనండీ, టైపిస్టుని. ప్రెస్ సందుకి వెళ్లకండి. కారు తిప్పెయ్యండి. నా లాప్‌టాప్... అదేనండీ చెప్పేస్తున్నది. మొదట్నుంచీ అదే."

అవతల కారు గట్టిగా మలుపు తిరిగిన చప్పుడు, వెనక సీట్లో పిల్ల "ఏమైంది నాన్నా?" అనడం వినిపించాయి.

"తిప్పేశాను," అంది లాయరుగారు. "ఎక్కడికన్నది ఇప్పుడు నీకు కూడా చెప్పను."

"చెప్పకండి. అదే మంచిది."

"నిన్న నేను నిన్ను..."

"మీరేమీ అనలేదుగా."

"అదేనమ్మా, అనాల్సింది అనలేదు," అని పెట్టేసింది లాయరుగారు.

టైపిస్టు అలాగే గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చుంది. పిన్ని మంచినీళ్ల సీసా చేతికిస్తే, సగం గొంతులోకి, సగం మెడ మీదకి పోయాయి. ప్రస్తుతానికి తండ్రీకూతుళ్లు బతికారు. తన మీద పడ్డ నింద తొలగింది.

"అది ఎవరికి పంపిస్తోందో చూశాను," అంది పిన్ని గొంతు తగ్గించి. "ఒక మెయిలు అడ్రసు. మనిషి పేరు లేదు. మొదట్లో గువ్వపిల్ల అని ఉంది. ఎవరే ఈ గువ్వపిల్ల?"

చేతిలో సీసా జారి, మెట్ల మీద దొర్లుకుంటూ కిందకి పోయింది.

"నేనే," అంది టైపిస్టు. "చిన్నప్పుడు నన్నలా పిలిచేవారు. ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు."

"ఇంట్లోవాళ్లంటే?"

"అమ్మ పోయింది. ఇప్పుడు అక్క ఒక్కతే పిలుస్తుంది. ఆటపట్టించాలనుకుంటే బావ." ఒక్క క్షణం ఆగింది. "బావే. ఆ రోజు లాప్‌టాప్ తీసుకెళ్లింది బావే."

బావే అనుకోగానే, అంత బాధలోనూ లోపలెక్కడో చిన్న ఊరట కలిగింది. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. బావ ఎంతైనా పరాయివాడు. అక్క అలా కాదు. అమ్మ పోయాక జడలు వేసింది అక్క, ఫీజు కట్టింది అక్క, టైపు నేర్పించింది అక్క.

షాపులోకి వచ్చి షట్టరు సగం దించారు. పాత లాప్‌టాప్‌ని కదపలేదు, మూయలేదు. మూస్తే కనిపెట్టామని తెలిసిపోతుందని పిన్ని సైగ చేసింది. కిటికీకి అతికించిన పాత ప్రకటన కాగితం అంచు పక్కన, ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని నిలబడ్డారు. ఎదురుగా పచ్చ గేటు. ఎండ ఏటవాలుగా పడుతోంది. రోడ్డు మీద జనం మామూలుగా నడుస్తున్నారు.

మూడూ నలభై. మూడూ నలభై ఐదు. ఎవరూ రాలేదు. రారేమో. తాను భయపడి చచ్చింది గాని, ఇదంతా ఏదో పొరపాటేమో.

మూడూ యాభైకి ఒక తెల్ల కారు గోడౌను ముందు ఆగింది. ముందు సీట్లలోంచి ఇద్దరు మగవాళ్లు దిగారు. ఇద్దరూ ఆమె ఎన్నడూ చూడనివాళ్లు. వెనక తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. టైపిస్టు బావ బట్టతల కోసం చూసింది.

దిగింది అక్క.

ఇంట్లో కట్టుకునే చీరలోనే ఉంది. జుట్టు సరిగా దువ్వుకోలేదు. ఒకడు ఏదో అడిగాడు. అక్క గేటుకేసి చెయ్యి చూపించింది. వాళ్లిద్దరూ గేటు తోసుకుని లోపలికి వెళ్లారు. అక్క కారు పక్కనే నిలబడి, అటూ ఇటూ చూసి, పైట చాటున ఫోను తీసింది.

టైపిస్టు చేతిలో ఫోను వణికింది. తెర మీద అక్క అన్న రెండక్షరాలు.

పిన్ని వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. టైపిస్టు వెనక గోడ వరకూ నడిచి, లాప్‌టాప్‌కి ఎంత దూరం జరగగలదో అంత దూరం జరిగి, ఫోను చెవికి ఆనించింది.

"ఎక్కడున్నావే?" అక్క గొంతు గుసగుసలా ఉంది. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన గొంతు. "చెప్పకు, చెప్పొద్దు. విను. నీతో ఉన్న ఆ లాప్‌టాప్‌ని ఎక్కడుంటే అక్కడ వదిలేసి వెళ్లిపో. మాటలు వినడమే కాదే, అది ఎక్కడుందో కూడా వాళ్ల ఫోనులో కనిపిస్తుంది."

"అక్కా, బావ నీతో ఇదంతా..."

"మీ బావ ఇంటికి రాక మూడు రోజులైందే," అంది అక్క. "వాళ్ల దగ్గరే ఉన్నాడు. నిన్ను తీసుకొస్తే వదుల్తామంటున్నారు. వాళ్లకిప్పుడు ఆ మెకానిక్కు అక్కర్లేదు, అతని రికార్డింగులన్నీ దగ్గరున్న నువ్వే కావాలి."

కిటికీ దగ్గరున్న పిన్ని చెయ్యి గాలిలో రమ్మన్నట్టు కదిలింది. టైపిస్టు ఫోను చెవి నుంచి తీయకుండానే అక్కడికి వచ్చి చూసింది. మగవాళ్లిద్దరూ గేటులోంచి బయటికి వచ్చేశారు. ఒకడు అరచేతిలో ఫోను పెట్టుకుని, దిక్కు వెతుక్కుంటున్నట్టు నెమ్మదిగా ఇటు తిరుగుతున్నాడు. తిరిగి తిరిగి ఆగాడు. తల పైకెత్తి, సరిగ్గా మొదటి అంతస్తు చివరి కిటికీకేసి చూశాడు.